రోములో మా కారు

కారు నడపడం నాకు రాదు. కాలేజీకి స్కూటరు మీద వెళ్ళి, స్కూటరు మీదే ఇంటికి వస్తాను. అయినా ఇటలీ రాజధాని రోము నగరంలో ఒక కారును తప్పుదారి పట్టించి, దానికి రెండుసార్లు జరిమానా వేయించిన ఘనత మాత్రం నాదే. ఈ సంగతి ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పుకోలేదు. ఈ మధ్య మా వీధినుంచి కూడా పిల్లల దగ్గరికని యూరపు వెళ్ళివచ్చేవాళ్ళు ఎక్కువయ్యారు. వెళ్ళినవాళ్ళు కారులో ఇటలీ చుట్టివద్దామనుకోవడం మామూలయింది. వాళ్ళకైనా పనికివస్తుందని, సిగ్గు పక్కనపెట్టి రాస్తున్నాను.

2017 వేసవి సెలవుల్లో నేనూ మా ఆవిడా మ్యూనిక్ వెళ్ళాం. మా తమ్ముడు అక్కడ ఇంజనీరు. నాన్నగారు పోయేనాటికి వాడు ఇంటరు చదువుతున్నాడు. ఆ తరువాత వాడి చదువు భారం నేనే మోశాను. దానికి వాడు తీర్చుకున్న రుణం ఏమిటంటే, నా మాటకు ఏనాడూ ఎదురు చెప్పకపోవడం. ఇది మంచి గుణమే అని చాలాకాలం అనుకున్నాను.

"అన్నయ్యా, రోము చూద్దువుగాని రా" అని వాడు తన కారులో బయలుదేరదీశాడు. ఆల్ప్స్ కొండలు దాటి, ఫ్లారెన్సులో ఒక రాత్రి ఆగి, మర్నాడు శుక్రవారం మధ్యాహ్నానికి రోము చేరుకున్నాం. మేమిద్దరం, వాళ్ళిద్దరు, వాళ్ళ నాలుగేళ్ళ పాప — వెరసి అయిదుగురం.

దారిపొడుగునా బోర్డులన్నీ నేను బిగ్గరగా చదువుతూ వచ్చాను. కారణం చిత్తగించండి. మన భాషలాగే ఇటలీ భాషలోనూ మాటలు చాలావరకు అచ్చుతోనే ముగుస్తాయి. పదిహేనో శతాబ్దంలో విజయనగరం చూసిన వెనిస్ యాత్రికుడు నికొలో కొంటి మన తెలుగును తూర్పుదేశపు ఇటాలియన్ అన్నాడని మనవాళ్ళు తరతరాలుగా చెప్పుకుంటున్నారు. నేను కూడా ఏటా క్లాసులో చెప్పేవాణ్ణి. అంచేత ఆ భాష నాకు సగం వచ్చేసినట్టే అనిపించింది. "సోస్తా" అంటే ఆగడం, "వీయా" అంటే వీధి, "ఉషీతా" అంటే బయటికి దారి. "చూశావా, ఎంత తేలికో!" అంటే తమ్ముడు నవ్వి వూరుకున్నాడు.

వాటికన్ దగ్గర సెయింట్ పీటర్స్ గుడి బయటినుంచి చూసి, పాంథియాన్ చూద్దామని టైబరు నది వంతెన దాటాం. కారు ఎక్కడ పెట్టాలన్న ఆలోచన అప్పుడు మొదలయింది. రోడ్డు అంచున కార్లు ఆపే చోట్ల మూడు రంగుల గీతలుంటాయి. తెల్లగీత అయితే డబ్బు అక్కర్లేదు. కాని పక్కన బోర్డు వుంటే ఇంతసేపే అని గడువు వుంటుంది. వచ్చిన వేళను సూచించే అట్టచక్రం ఒకటి అద్దం దగ్గర పెట్టాలి. నీలిగీత అయితే గంటల లెక్కన డబ్బు. దగ్గర్లోని మిషనులో నాణేలు వేసి చీటీ తీసుకోవాలి. పసుపుగీత అయితే మనది కాదు. వికలాంగులకో, సరుకు దించే బళ్ళకో కేటాయించిన చోటు. ఈ పాఠం తమ్ముడికి ముందే వచ్చు. రానిదల్లా ఖాళీ. తెల్లవీ నీలివీ అన్నీ నిండి వున్నాయి. ఒక ఇంటి గేటు ముందు కాస్త జాగా కనబడి ఆపబోతే, కూరగాయల సంచితో వస్తున్న ఒక ముసలాయన గేటుమీది బోర్డుకేసి వేలు చూపించి తల అడ్డంగా వూపాడు. "పాస్సో కర్రాబిలె" అని వుంది. అంటే బళ్ళు వచ్చిపోయే గుమ్మం; అక్కడ ఆపితే కారును లాక్కుపోతారు.

నది గట్టు రోడ్డుమీద నెమ్మదిగా పోతుండగా పాతబస్తీలోకి తిరిగే ఒక సందు వచ్చింది. సందు మొగలో వెలుగుతున్న అక్షరాల బోర్డు: "వార్కో అత్తీవో".

నేను ఎగిరి గంతేసినంత పనిచేశాను. "వార్కో అంటే ద్వారం. అత్తీవో అంటే ఇంగ్లీషు యాక్టివే. ద్వారం పనిచేస్తోంది, అంటే తెరిచి వుందన్నమాట. తిప్పు!" అన్నాను.

తమ్ముడు కారు వేగం తగ్గించాడు. "పక్కన ఎర్ర అంచుతో తెల్లటి గుండ్రటి బోర్డు కూడా వుంది అన్నయ్యా" అన్నాడు.

"అది పాత బోర్డు అయివుంటుంది. ఇది దీపాలతో వెలుగుతోంది కదా. ఏ వేళకు ఏది నిజమో ఇదే చెబుతుంది. తిప్పు."

వాడు తిప్పాడు.

లోపల సందులు మన పాత అగ్రహారాల్లా ఇరుకు. జనం కారుకేసి వింతగా చూశారు. ఆపడానికి చోటెక్కడా లేదు. అభిమన్యుడిలా లోపలికి పోవడమైతే తెలిసింది కాని, బయటపడడానికి పావుగంట పట్టింది. తిరిగి తిరిగి మళ్ళీ గట్టు రోడ్డుమీద తేలాం. ఇంకో సందు, ఇంకో "వార్కో అత్తీవో". "ఈసారి దొరుకుతుంది, పద" అన్నాను. వాడు మళ్ళీ తిప్పాడు. దొరకలేదు.

చివరికి మా మరదలు ఫోనులో వెతికి, బోర్గేసె తోటకింద భూగర్భంలో కార్లు నిలిపే పెద్దశాల వుందని చెప్పింది. అది లూయీజీ మొరెత్తీ అనే వాస్తుశిల్పి రూపకల్పన. వెయ్యికి మించి కార్లు పడతాయి. గంటలలెక్క కాస్త ఘాటే. కాని అక్కడ కారు పెట్టి, భూమిలోపలి నడవలోంచే నడుచుకుంటూ పోతే స్పాన్యా అనే మెట్రో స్టేషను వస్తుంది. పైకెక్కితే స్పానిషు మెట్లు! ఇంత సుఖం వుండగా గంటసేపు ఎందుకు తిరిగామా అనిపించింది.

ఆ మెట్ల దగ్గరికే మా మరదలి చిన్ననాటి స్నేహితురాలు వచ్చింది. గుంటూరు జిల్లా అమ్మాయి. మఠకన్య అయి, రోములో చదువుకుంటోంది. అంత దూరాన తెలుగు మాట వినబడేసరికి మా ఆవిడకు కళ్ళనీళ్ళు తిరిగాయి. కుశలప్రశ్నలయ్యాక నేను మా కారు ప్రయాణం, నా భాషా ప్రావీణ్యం కలిపి వర్ణించి చెప్పాను. ఆ సిస్టర్ మొహంలో నవ్వు మాయమయింది.

"వార్కో అత్తీవో అని వుంటే లోపలికి వెళ్ళారా అన్నగారూ?"

"ద్వారం తెరిచివుందనేగా దాని అర్థం?"

"ద్వారం దగ్గర కాపలా తెరిచివుందని అర్థమండీ. అక్కడ కెమెరా వుంటుంది. అనుమతి లేని బండి వెళితే నెంబరు ఫోటో తీస్తుంది. మన వూళ్ళో గేటుకి 'కుక్కలున్నవి' అని బోర్డు కడతారు చూశారా, అలాంటిదన్నమాట. బోర్డుమీద 'నోన్ అత్తీవో' అని వుంటేనే వెళ్ళాలి."

పాతబస్తీ నడిబొడ్డును అక్కడ పరిమిత రాకపోకల ప్రాంతమంటారు. వారంలో పనిరోజుల్లో పొద్దున 6-30 నుంచి సాయంత్రం 6 దాకా అక్కడివాళ్ళకూ అనుమతి వున్నవాళ్ళకూ తప్ప ప్రవేశం లేదు. మేము వెళ్ళింది శుక్రవారం నాలుగు గంటలకు. అప్పట్లో ఎన్ని గుమ్మాలు దాటితే అన్ని జరిమానాలు పడేవి. ఆ ప్రాంతం లోపలి హోటల్లో దిగేవాళ్ళయితే ముందే హోటలువారిని అడిగి, బండి నెంబరు నమోదు చేయించుకోవాలిట.

నా నోట మాట రాలేదు. తమ్ముడు మాత్రం తేలిగ్గా నవ్వి, "జర్మనీ నెంబరుకి ఏమీ రాదులే అన్నయ్యా. నువ్వు దిగులుపడకు" అన్నాడు. నేను నమ్మాను. నమ్మడం నాకు సుఖంగా వుంది మరి.

"రేపు ఈ బాధ లేకుండా నేను చెప్పినట్టు చెయ్యండి" అంది సిస్టర్. "మెట్రో లైను చివరికి పోండి. ఎ లైనుకి అనాన్యీనా, బి లైనుకి ఒక కొసన లౌరెంతీనా, ఇంకో కొసన రెబీబ్బియా. ఆ స్టేషన్ల దగ్గర కార్లు పెట్టుకునేందుకే పెద్ద పెద్ద ఆవరణలున్నాయి. అక్కడ పెట్టి రైలెక్కండి."

మర్నాడు అలాగే చేశాం. అనాన్యీనాలో కారు పెట్టి రైలెక్కితే అరగంటలో వూరి మధ్యలో వున్నాం. కారుకి రోజంతటికీ అయింది రెండు మూడు యూరోలే. రైలు టిక్కెట్టు మనిషికి యూరోన్నర. పాప కిటికీ దగ్గర కూచుని స్టేషన్ల పేర్లు అడుగుతుంటే, ఈసారి నేను చదివాను కాని అర్థం చెప్పలేదు.

ఇంటికి వచ్చాక, నన్ను ఓడించిన ఆ వూరి కథ కాస్త చదివాను. బళ్ళ బాధ రోముకు కొత్తది కాదు. జూలియస్ సీజరు కాలానికే, క్రీ.పూ. 45 ప్రాంతపు శాసనం వొకటి పట్టపగలు బండ్లు వూళ్ళోకి రాకూడదని కట్టడి చేసింది. పగటిని పన్నెండు భాగాలు చేసి, పొద్దుపొడుపు మొదలు పదో భాగం దాకా నిషేధం. గుళ్ళు కట్టే సామగ్రి తెచ్చే బళ్ళకూ, పూజారిణుల వాహనాలకూ మినహాయింపు. ఆ శాసనం చెక్కిన కంచురేకు నేపుల్సు మ్యూజియంలో వుంది. పగలు రావద్దంటే బండ్లన్నీ రాత్రిళ్ళు వచ్చేవి. ఆ చప్పుడుకి రోములో నిద్రపట్టదని జువెనాల్ కవి విసుక్కున్నాడు. కెమెరా ఒక్కటే కొత్తది. కాపలా మాత్రం రెండువేల ఏళ్ళది.

ఇంతటితో అయిపోయిందనుకున్నాను. 2019 సంక్రాంతికి తమ్ముడు కుటుంబంతో మా ఇంటికి వచ్చాడు. భోగి రోజు రాత్రి భోజనాలయ్యాక మాటల్లో మాటగా ఎవరో ఇటలీ ఎత్తారు. మా మరదలు నవ్వుతూ, "ఆ రెండు ఉత్తరాలూ వచ్చిన రోజు ఈయన మొహం చూడాలి బావగారూ" అనేసి, వెంటనే నాలిక కరుచుకుంది.

ఉత్తరాలు వచ్చాయి. విదేశీ బండి అయితే నోటీసు పంపడానికి వాళ్ళకు 360 రోజుల గడువుందిట. ఏడాది కావస్తుండగా రెండు నోటీసులు మ్యూనిక్ ఇంటికి చేరాయి. గుమ్మానికొకటి, ఒక్కొక్కటి ఎనభై యూరోల పైచిలుకు, ఆపైన పోస్టు ఖర్చులు. అయిదు రోజుల్లో కడితే జరిమానాలో నూటికి 30 వంతులు తగ్గిస్తారని, వాడు మూడోరోజునే కట్టేశాడు. అన్నీ కలిపి మన లెక్కన పన్నెండువేల రూపాయలకు తక్కువ కాదు.

"నాకెందుకు చెప్పలేదురా?" అన్నాను.

"ఏముంది అన్నయ్యా అందులో చెప్పడానికి?"

అప్పుడు నాకు ఆ గుండ్రటి బోర్డు గుర్తుకొచ్చింది. "ఎర్ర అంచున్న ఆ బోర్డు జర్మనీలో కూడా వుంటుందా?" అని అడిగాను.

వాడు కాసేపు మాట్లాడలేదు. "వుంటుంది. బళ్ళు పోకూడదని" అన్నాడు.

"మరి తెలిసి ఎందుకు తిప్పావు?"

"నువ్వు తిప్పమన్నావు కదా."

ఆ మాటలో నిష్ఠురం ఏమీ లేదు. వుంటే బాగుండేది. ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. పన్నెండువేల రూపాయలు పెద్ద మొత్తం కాదు. నేను ఇస్తానన్నా వాడు పుచ్చుకోలేదు. ఇన్నేళ్ళలో వాడు తెలిసివుండీ నా మాటకోసం తిప్పిన దారులు ఇంకెన్ని వున్నాయో అని లెక్కపెట్టుకుంటూ పడుకున్నాను. చదువు విషయంలో, ఉద్యోగం విషయంలో, పెళ్ళి విషయంలో "అన్నయ్యా, పక్కన ఇంకో బోర్డు వుంది" అని వాడు మెల్లిగా అన్న రోజులు కొన్ని జ్ఞాపకం వచ్చాయి. నేను విన్న రోజు ఒక్కటీ జ్ఞాపకం రాలేదు.

అన్నట్టు, ఆ బోర్డు చదివి మోసపోయింది నేనొక్కణ్ణే కాదు. 2019లోనే అక్కడి మంత్రిత్వశాఖ, ద్వారం మాట తీసేసి నిషేధిత ప్రాంతం అమల్లో వుందో లేదో సూటిగా చెప్పే మాటలే రాయాలని మార్గసూత్రాలు ఇచ్చింది. అది తెలిసి కొంచెం వూరట కలిగింది. కొంచెమే. బోర్డు మాట సరిచేయడానికి మంత్రిత్వశాఖ వుంది. నా మాట సరిచేయవలసింది నేనేగా.

కనుమ వెళ్ళాక తమ్ముడు కారు అద్దెకు తీసుకుని అందర్నీ బట్టల కొనుగోలుకని విజయవాడ తీసుకెళ్ళాడు. బీసెంటు రోడ్డు దగ్గర ఇసక వేస్తే రాలనంత జనం. కారు నెమ్మదిచేసి, వాడు అలవాటు ప్రకారం నావైపు తిరిగాడు.

"ఎక్కడ పెడదాం అన్నయ్యా?"

అక్కడి సందులన్నీ నాకు కొట్టినపిండే. అయినా, "నీకెక్కడ తోస్తే అక్కడ పెట్టు" అన్నాను.

వాడు నమ్మలేనట్టు ఒక్కక్షణం నాకేసి చూశాడు. తరువాత కారును చాలా దూరం తీసుకుపోయి, నేనైతే ఎన్నడూ పెట్టమనని చోట, ఒక చింతచెట్టు నీడన పెట్టాడు. ఎండలో పది నిమిషాలు వెనక్కి నడవవలసి వచ్చింది. దారిలో నేనేమీ అనలేదు.