తురబా వాగు చేపలు

తాయిఫ్ దాటి అల్ బాహా దారిలో కొంత దూరం పోయాక తారు రోడ్డు వదిలేశాం. గులకరాళ్ల మీద జీపు ఎగిరెగిరి పడుతున్నా, స్టీరింగ్ పట్టిన నిజామాబాద్ తమ్ముడు తన అనుమానం మాత్రం వదల్లేదు. “అన్నా, నదే లేని దేశంల చాపలెక్కడియే?”

సౌదీలో ఏడాది పొడుగునా పారే నది ఒక్కటీ లేని మాట నిజమే. కానీ సరవాత్ కొండల నుంచి తూర్పుకు దిగే తురబా లాంటి వాగుల్లో వానలు వెనకబట్టాక కూడా మడుగులు మిగులుతాయి. పరిశోధకుడైన మా మిత్రుడు ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి చేతి వలతో అందులోకి దిగాడు. వలలో పడింది వేలెడు చేప. బకెట్‌లో వేయగానే గోడకు అతుక్కుంది. నోరు కిందివైపు, దాని వెనకాలే రాయిని పట్టుకునే గుండ్రటి మెత్త. పేరు గర్రా బ్యుటికెరి. 1983లో జర్మన్ శాస్త్రవేత్త ఫ్రీడ్‌హెల్మ్ క్రుప్ వర్ణించిన జాతి. దీని దాయాదులు మన కొండవాగుల్లోనూ ఉన్నాయంటే తమ్ముడు బకెట్ మీదికి వంగి మళ్లీ చూశాడు.

మిత్రుడు తోక రెక్క చివర మెతుకంత ముక్క కత్తిరించి ఆల్కహాల్ సీసాలో వేసుకుని చేపను నీళ్లలో వదిలేశాడు. ఆ రెక్క మళ్లీ పెరుగుతుందట. ఆ ముక్కలో సీఓ1 అనే జన్యువు నుంచి సుమారు 650 అక్షరాలు చదివితే చాలావరకు జాతి తేలిపోతుంది. కానీ ఆ జన్యువు తల్లి నుంచే వస్తుంది కాబట్టి తండ్రి వేరే జాతివాడైనా అది చెప్పదు. సంకరం బయటపడాలంటే కణకేంద్రకంలోని డీఎన్‌ఏ కూడా చూడాల్సిందే.

కంటిని నమ్ముకుంటే ఎంత మోసపోతామో చెప్పడానికి ఆయన ఇంకో చిన్న చేప సంగతి ఎత్తుకున్నాడు. ఎర్రసముద్రం వైపు, గల్ఫ్ వైపు ఊటల్లో, ఉప్పుకయ్యల్లో బతికే అఫానియస్‌ను చాలాకాలం ఒకే జాతి అనుకున్నారు. డీఎన్‌ఏ చూశాక గల్ఫ్ వైపుది వేరని తేలింది. 1872లో ఫ్రాన్సిస్ డే మన కచ్ చేపకు పెట్టిన స్టోలిచ్‌కానస్ పేరే ఇప్పుడు దానిదీ.

అందుకే ఒక వాగు ఎండిందని అక్కడి చేపల్ని పక్క వాగులో వదలడం నాకు ఉపకారంగా తోచలేదు. కొండలు వేల ఏళ్లు విడదీసిన వాటిని బకెట్‌తో ఒక పూటలో కలిపేస్తాం. ఖైబర్ దగ్గరి వాదీ హదియాలో తప్ప లోకంలో ఇంకెక్కడా లేని ఒక అకాంతోబ్రామా జాతి చేప కూడా ఉంది. ఆ వాగు పోతే జాతే పోయినట్టు. ఇక తిలాపియా సంగతి చెప్పనక్కర్లేదు. ఆఫ్రికా నుంచి వచ్చి రియాద్ వాదీ హనీఫాలో గాలాలకు అదే తగులుతోంది.

చేపల్ని తెచ్చి వదలడం మన దగ్గరా ఉంది. తెలంగాణలో 2016 నుంచి చెరువుల్లో సర్కారు ఉచితంగా చేపపిల్లలు వదులుతోంది. బొచ్చె, రవ్వు బాగానే పెరుగుతున్నాయి. మరి పరిగెల మాటేంటని తమ్ముణ్ణి అడిగాను.

“మా చెరువుల అవి కండ్లవడక ఏండ్లాయె. దొరికితే పులుసు వెట్టుకుంటమన్నా.”

“పెట్టుకోండి. తోక ముక్క మాత్రం నాకు పంపండి,” అన్నాడు మిత్రుడు, సీసా మీద తేదీ రాస్తూ.