ఎండిన చెట్టు, బకెట్ ట్రక్కు, నా బేరం

అమెరికాలో ఇల్లు కొన్న మనవాళ్ళందరికీ ఎప్పుడో ఒకప్పుడు చెట్టు గండం తప్పదు. నా వంతు 2007లో వచ్చింది. డెట్రాయిట్ పక్కన నోవైలో ఇల్లు కొన్న రెండో ఏడు. పెరట్లో పెద్ద యాష్ చెట్టు నిలువునా ఎండిపోయింది, కొమ్మలేమో సరిగ్గా మా పడగ్గది మీద. అంతా ఎమరాల్డ్ యాష్ బోరర్ అనే పచ్చ పురుగు పుణ్యం. ఈ దేశంలో అది మొదట బయటపడింది 2002లో, మా డెట్రాయిట్ దగ్గరే.

ఇద్దరొచ్చి చూసి ధర చెప్పారు. ఒకాయనకి పికప్పు, దాని వెనక ట్రైలరు, బూట్లకి ములుకులు కట్టుకుని ఎక్కే ఓ కుర్రాడు. ఆరు వందల డాలర్లు. రెండో ఆయనకి బకెట్ ట్రక్కు, చిప్పరు. పదిహేను వందలు. ఇందులో ఆలోచించడానికేముంది, పికప్పు ఆయన్నే రమ్మన్నాను.

కుర్రాడు చెట్టు చుట్టూ తిరిగి, గొడ్డలి వెనకవైపుతో తట్టి చూసి, పది అడుగులు ఎక్కి దిగొచ్చేసాడు. "నేనెక్కను" అన్నాడు. ఓనరు నావైపు చూసాడు. అప్పుడు నేనన్న మాట తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. "ధర ఒప్పుకున్నాక పని చెయ్యాలి కదండీ!" ఆఫీసులో వెండర్లతో మాట్లాడే గొంతు అచ్చంగా. అన్నట్టు, మా ఊళ్ళో కల్లు గీసే ఆయన "ఈ చెట్టు వద్దు బాబూ" అంటే మా నాన్న ఎదురు చెప్పడం నేనెప్పుడూ చూళ్ళేదు. కుర్రాడు మారు మాట్లాడకుండా తాడు చుట్టుకుని పికప్పులో కూచున్నాడు. నాకు ఒళ్ళు మండింది.

రెండో ఆయన నేల గడ్డకట్టేదాకా ఆగమన్నాడు. లేకపోతే ఆ బరువుకి చక్రాలు లాన్‌లో దిగబడతాయట. జనవరిలో వచ్చాడు. కాఫీ ఇచ్చి బండి గురించి అడిగితే, మన వాళ్ళు సర్వర్ల గురించి చెప్పినట్టు మొదలెట్టాడు. పాత బకెట్ ట్రక్కు కొనేటప్పుడు మైళ్ళు చూసి మోసపోకూడదట, ఇంజను ఎన్ని గంటలు తిరిగిందో చూడాలట. బూమ్‌ని ఆడించేది ఇంజనే కాబట్టి రోజంతా కదలకుండా నిలబడే అరిగిపోతుంది. అరవై అడుగుల బూమ్ అంటే నిటారుగా లేపినప్పుడు అరవై. పక్కకి వాలిస్తే అందేది చాలా తక్కువ, కాబట్టి చెట్టు ఎత్తు కన్నా బండి ఎంత దగ్గరికి రాగలదన్నదే ముఖ్యం. డబ్బా సగమే నిండింది కదా అని పచ్చి దుంగలు వేసుకుంటూ పోతే బరువు పరిమితి ఎప్పుడో దాటిపోతుంది (డిస్కులో బోలెడు చోటుండగా మెమరీ అయిపోయినట్టు). సరుకుతో సహా రేటింగు 26,000 పౌన్లు దాటిన బండికి కమర్షియల్ లైసెన్సున్న డ్రైవరు కావాలి. అందుకని తనలాంటి చిన్నవాళ్ళు ఆ గీతకి ఇవతలే ఆగే బండ్లు కొంటారట.

ఇంతా చేసి ఆ ఖర్చంతా ఎందుకో ఆయన నోటితో చెప్పలేదు. బకెట్‌లోంచి మొదటి పెద్ద కొమ్మకి రంపం ఆనించాడు. సగం కూడా తెగకుండానే టప్పున విరిగి కింద పడి మూడు ముక్కలయింది, మట్టికుండలా. చచ్చిన యాష్ కొన్నాళ్ళకే అలా పెళుసుబారిపోతుందట. ఎక్కేవాడు తాడు వేసుకునేది అలాంటి కొమ్మకే. బకెట్ మాత్రం చెట్టుని ఎక్కడా ఆనుకోదు, దాని బరువంతా ట్రక్కు మీదే. నేను కిటికీ దగ్గర కాఫీ కప్పు పట్టుకుని అలాగే నిలబడిపోయాను. తొమ్మిది వందల డాలర్ల తేడా కోసం ఎవరింటి పిల్లాణ్ణో ఆ కొమ్మ మీదకి ఎక్కమన్నాను.

తర్వాత పికప్పు ఆయనకి ఫోన్ చేసాను. ఆ కుర్రాడు అప్పటికే పని మానేసాడట. ఎందుకని అడిగితే, "మీలాంటి కస్టమర్లు ఇంకో ఇద్దరు తగిలారు" అన్నాడు.

మొన్న ఓ మిత్రుడు ఇలాంటి పనికే మూడు కొటేషన్లు పంపి, ఏది చవకో చూసి చెప్పమన్నాడు. ఏ బండి వస్తుందో, పనివాళ్ళకి ఇన్సూరెన్సు కాగితం ఉందో లేదో అడిగి మళ్ళీ పంపమన్నాను. ఇంకా పంపలేదు.