మూగ అక్షరాలు

తెలుగు మాధ్యమంలో పదవ తరగతి ముగించి జూనియర్ కళాశాలలో అడుగుపెట్టిన విద్యార్థికి ఆంగ్ల వాచకాన్ని బిగ్గరగా చదవవలసి రావడం ఒక అగ్నిపరీక్ష. మన లిపి చాలావరకు వ్రాసినట్లే పలికించుకొంటుంది. ఆ నమ్మకంతో అతడు కంటబడిన ప్రతి అక్షరానికీ న్యాయం చేయబోతాడు. మా కళాశాలలో ఒక అమ్మాయి, అప్పు అనే అర్థం గల 'డెట్' అన్న మాటను 'డెబ్ట్' అని చదివింది. తరగతి గొల్లుమంది. ఆ తరువాత కొన్ని నెలలపాటు ఆ పిల్ల, చివరకు నా తెలుగు తరగతిలోనైనా, నోరు విప్పలేదు.

నవ్విన వారికి తెలియని సంగతి ఒకటుంది. ఆ మాట ఫ్రెంచి నుండి ఆంగ్లంలోకి వచ్చినప్పుడు అందులో 'బి' లేనే లేదు. లాటిన్ మూలమైన 'డెబిటుమ్' మీది గౌరవంతో పండితులు దానిని తరువాత చొప్పించారు. జనుల నాలుక మాత్రం వారి పాండిత్యాన్ని లక్ష్యపెట్టలేదు. 'డౌట్'లోని 'బి' కథా ఇంతే. పండితుల చేష్టలు ఏ దేశంలోనైనా ఒక్కటే కాబోలు!

'నైఫ్' మొదట నిలిచిన 'కె' కథ వేరు. ఒకనాడు ఆంగ్లేయులు దానిని నిజంగానే పలికేవారు. 1476లో విలియం కాక్స్‌టన్ వెస్ట్‌మినిస్టర్‌లో ముద్రణాలయం స్థాపించిన పిమ్మట వర్ణక్రమం క్రమక్రమంగా స్థిరపడింది. ఉచ్చారణ మాత్రం మారుతూనే పోయింది. వ్రాతలో మిగిలిన కకారం నోటి నుండి జారిపోయింది.

మన ప్రాచీన కావ్యాలు చదివిన వారికి ఇది వింతగా తోచదు. నన్నయ కాలంలో రేఫ, శకటరేఫ వేర్వేరు ధ్వనులు. ప్రాసస్థానంలో ఒకదానికొకటి చెల్లేవి కావు. నేడు 'చెఱువు' అని వ్రాసినా 'చెరువు' అనియే పలుకుతాము. అరసున్న సంగతి మరింత ముచ్చటైనది. 'ఏఁడు' అంటే సంవత్సరం, 'ఏడు' అంటే సంఖ్య. చెవికి రెండూ ఒక్కటే, కంటికి వేరు. ఆంగ్లంలో 'నైట్' అనే మాటకు ముందు 'కె' ఉంటే వీరుడు, లేకుంటే రాత్రి! ఇక 'బ్రహ్మ'ను 'బ్రమ్హ' అని పలికేదీ మనమే. 'చలి', 'చిలుక' అన్న మాటలను ఒకే చకారంతో వ్రాసి, రెండు విధాల పలుకుతున్నాము. అది తల్లి ఒడిలో అబ్బిన విద్య కనుక కష్టమని తోచదు.

అందుచేత నా విద్యార్థులను, క్రొత్త ఆంగ్లపదం ఎదురైనప్పుడు నిఘంటువులోని ఉచ్చారణ సంకేతాలు చూచి, పదంపై పెన్సిలుతో తెలుగులో వ్రాసుకొమ్మంటాను. పలుకని అక్షరం క్రింద చిన్న సున్న చుట్టుకొమ్మంటాను. తరగతిలో ఎవరైనా తడబడితే నవ్విన వారి చేత 'జ్ఞానము' అన్న మాటను, వ్రాసినది వ్రాసినట్లుగా, పలికిస్తాను.