చీటీలో పాత రేటు

మిర్యాలగూడ దగ్గరి ఒక రైస్‌మిల్లు నుంచి సాయంత్రం ఫోన్ వచ్చింది. మాట్లాడింది యజమాని కాదు, హమాలీల మేస్త్రి. "సారూ, బస్తా రేటు పెరిగిందని స్క్రీన్ మీద కనవడ్తున్నది. చీటీల మాత్రం పాత లెక్కనే వస్తున్నది. పొద్దుగాల్నుంచి మావోళ్లందరికి తక్కువ వడ్డది."

వాళ్ల కూలి లెక్కగట్టే ప్రోగ్రామ్‌లో రేటు మార్చింది నేనే. ఒక ఫైల్లో ఒక్క అంకె. కోడ్ రాసుకునే ఎక్లిప్స్‌లో నడిపి చూస్తే చీటీ కొత్త రేటుతోనే వచ్చింది. ఆ తర్వాత యాంట్ అనే పనిముట్టుతో బిల్డ్ చేసి, వచ్చిన జార్ ఫైల్‌ను మిల్లు కంప్యూటర్‌లో వేయించాను. నల్లగొండలో మాది చిన్న కంపెనీ. రాసేదీ మేమే, పరీక్షించేదీ మేమే.

ఆ రాత్రి కోడ్‌ను మళ్లీ మళ్లీ చదివాను. ఎక్కడా తప్పు లేదు. చివరికి మిల్లుకు పంపిన జార్ తెరిచి, చీటీ ముద్రించే క్లాస్ ఫైల్‌ను జావాపీ అనే పనిముట్టుతో విప్పి చూశాను. పాత అంకె అక్కడ కూర్చుని ఉంది.

జావాలో మారని విలువ అని ప్రకటించిన అంకెను కంపైలర్ దాన్ని వాడుకునే ప్రతి క్లాస్‌లోకీ నేరుగా కాపీ చేస్తుంది. కాబట్టి మూలంలో అంకె మారితే, వాడుకునే ఫైళ్లన్నీ మళ్లీ కంపైల్ కావాలి. యాంట్ మాత్రం ఫైళ్ల మీది తేదీ, సమయం చూసి, మారినవాటినే కంపైల్ చేస్తుంది. స్క్రీన్ ఫైల్‌ను ఆ రోజు వేరే పని మీద ముట్టుకున్నాను కాబట్టి అది మారింది. చీటీ ఫైల్ జోలికి పోలేదు, అది పాతదే మిగిలింది. ఎక్లిప్స్‌కు ఏ ఫైల్ దేని మీద ఆధారపడిందో తెలుసు, అందుకే నా ముందు అంతా సరిగ్గా నడిచింది. నేను చూసిన ప్రోగ్రామ్ ఒకటి, మిల్లుకు పోయింది మరొకటి. పాతవన్నీ చెరిపేసి మొదటినుంచి కట్టి ఉంటే సరిపోయేది. తొందరలో ఆ పని చేయలేదు.

మర్నాడు మిల్లుకు వెళ్లి చీటీలన్నీ ముందేసుకుని, తేడా లెక్కగట్టి ఇప్పించాను. ఎండలో బస్తాలు మోసిన మనిషి కూలి నా బిల్డ్ వల్ల తగ్గిందన్న బాధ ఇంకా పోలేదు.

బిల్డ్ పనిముట్లు పుట్టిందే ఇలాంటి బాధలోంచి. 1976లో బెల్ ల్యాబ్స్‌లో స్టీవ్ జాన్సన్ అనే ఆయన సరిగ్గానే ఉన్న ప్రోగ్రామ్‌లో తప్పు వెతుకుతూ ఒక పూటంతా పోగొట్టుకున్నాడు. తప్పును అప్పటికే దిద్దాడు, ఆ ఫైల్‌ను మళ్లీ కంపైల్ చేయలేదంతే. ఆయన గోడు విన్న స్టువార్ట్ ఫెల్డ్‌మన్ 'మేక్' రాశాడు. దానికి 2003లో కంప్యూటర్ నిపుణుల సంఘం ఏసీఎం పురస్కారం వచ్చింది.

ఇలాంటిది మళ్లీ జరగకూడదని మేం యాంట్ వదిలి గ్రేడిల్ అనే బిల్డ్ పనిముట్టుకు మారాం. రెండు వారాలు పట్టింది, అందులో ఎక్కువ భాగం లిబ్ ఫోల్డర్‌కే పోయింది. ఎన్నేళ్ల నుంచో పోగైన జార్లు, పేరులో వెర్షన్ నంబర్ కూడా లేదు. ఒక్కొక్కటి విప్పి లోపలి మ్యానిఫెస్ట్ చదివి, ఏది ఎప్పటిదో రాసుకున్నాం. మేం వాడని జార్లు కూడా బయటపడ్డాయి. గ్రేడిల్ ర్యాపర్‌ను ప్రాజెక్టులోనే పెట్టాం, ఎవరి కంప్యూటర్లోనైనా ఒకే వెర్షన్ దిగుతుంది. జావా 11 అని బిల్డ్ ఫైల్లోనే రాశాం. అంతకుముందు ఒకరు జావా 17తో కట్టిన జార్ 11 ఉన్న సర్వర్‌లో మొరాయించింది. వెర్షన్ 61 క్లాస్ ఫైల్ నాకు రాదు, 55 వరకే చదవగలనని దాని మొర.

ఎక్లిప్స్‌తో కలపడం దగ్గరే అసలు చర్చ నడిచింది. బిల్డ్‌షిప్ ప్లగిన్ గ్రేడిల్ ఫైల్ చదివి లైబ్రరీలను సర్దిపెడుతుంది, కానీ ఎక్లిప్స్ కంపైల్ చేసేది తన సొంత కంపైలర్‌తోనే. మహబూబ్‌నగర్ నుంచి వచ్చిన కుర్రాడు అడిగాడు: "అన్నా, ఎక్లిప్స్‌ల సేవ్ కొడితే అయిపోతది, గ్రేడిల్‌కు ఇంతసేపు ఎందుకు ఆగాలె?" న్యాయమైన ప్రశ్నే. కోడ్ రాసేటప్పుడు ఎక్లిప్స్ వేగం వాడుకో, దాని క్లాసులు బిన్ ఫోల్డర్‌లో ఉండనీ, బయటికి పోయే జార్ మాత్రం గ్రేడిల్ కట్టిందే కావాలె అన్నాను. ఎక్లిప్స్ నుంచి జార్ ఎక్స్‌పోర్ట్ చేయడం మానేశాం. మూలన ఉన్న పాత కంప్యూటర్లో, బిల్డ్‌ను తనంతట తానే నడిపే జెంకిన్స్ పెట్టాం. ఎవరి ల్యాప్‌టాప్ నుంచీ మిల్లుకు ఏదీ పోదు.

చిన్న తప్పు ఎంత దూరం పోతుందో ఇంట్లోనే చూశాను. మా ఊరు నేతకారుల పుట్టపాక. అమ్మ ఆసు పోసేది, అంటే నేతకు ముందు పోగును మేకుల చుట్టూ చేత్తో తిప్పేది. ఒక చీరకు చెయ్యి దాదాపు 9,000 సార్లు ఆడాలి. ఒక పోగు లెక్క తప్పినా అద్దకానికి ముందు చిటికి కట్టినప్పుడు డిజైన్ జారిపోయేది. తల్లి భుజం నొప్పి చూడలేక శారాజీపేట చింతకింది మల్లేశం ఏళ్ల తరబడి పడిన కష్టం 1999లో ఆసు యంత్రమైంది, 2017లో పద్మశ్రీ తెచ్చింది. యంత్రం వచ్చాక కూడా అమ్మ మగ్గమెక్కే ముందు పోగులు చేత్తో తడిమి చూసేది.

రేటు కోడ్‌లో ఉండడమే తప్పని తర్వాత దాన్ని డేటాబేస్‌లోకి మార్చాం. కోడ్‌లో ఉండక తప్పని అంకెలు ఇంకా చాలా ఉన్నాయి. అందుకే ప్రతి బిల్డ్‌లో జెంకిన్స్ ఒక నమూనా చీటీ తయారు చేసి, మేం చేత్తో వేసిన లెక్కతో పోలుస్తుంది. కొత్త జార్ వేసిన రోజు మేస్త్రి తన మొదటి చీటీని ఫొటో తీసి పంపుతాడు. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూశాకే నేను ఇంటికి బయల్దేరతాను.