తన్నని తూటా కోసం

థాంక్స్‌గివింగ్ పండగకు ముందొచ్చే శనివారం. ఆ రోజు తెల్లవారుజామున అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో రోడ్డెక్కిన ట్రక్కులు చాలావరకూ అడవివైపే పోతుంటాయి. ఒంటిమీద నారింజరంగు కోట్లు, ఫ్లాస్కుల్లో వేడి కాఫీ, వెనకసీట్లో పెట్టెలో పెట్టిన తుపాకులు. తొమ్మిదిరోజుల జింకలవేట మొదలయ్యేది ఆ రోజే. ఆ ఒక్క రాష్ట్రంలోనే ఐదు లక్షలమందికి పైగా లైసెన్సు తీసుకుని అడవిలో కూర్చుంటారు. మన గోదావరి జిల్లాలకు సంక్రాంతి కోడిపందేలు ఎలాగో, వాళ్లకిది అలాగన్నమాట. కాకపోతే ఇది చట్టబద్ధం!

ఖమ్మం జిల్లా నుంచి వెళ్లి ఇరవైఏళ్లుగా మాడిసన్‌లో ఉంటున్న ఓ కంప్యూటర్ ఇంజినీరు ఇంట్లో ఈ వేట పెద్ద చర్చకే దారితీసింది. ఎనిమిదో తరగతి చదువుతున్న పదమూడేళ్ల కూతురు 'నాన్నా, ఈసారి నేనూ వెళ్తాను' అంది. స్నేహితురాళ్లలో సగంమంది వెళ్తున్నారట. తల్లి ఒప్పుకోలేదు. ఆవిడ పుట్టిల్లు భద్రాచలం. పర్ణశాల కథ వింటూ పెరిగిన మనిషి. 'లేడి జోలికెళ్లి బాగుపడిన వాళ్లున్నారా? మాంసమే కావాలంటే కొట్లో దొరకదా ఏమండీ?' అని భర్తను నిలదీసింది.

ఆవిడ అడిగినదాంట్లో న్యాయం ఉంది. మనదేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం జింకను చంపితే జైలే. కృష్ణజింక ఆంధ్రప్రదేశ్‌కి రాష్ట్ర జంతువు, చుక్కల జింక తెలంగాణకి. అక్కడి సంగతి వేరు. 1900 ప్రాంతంలో అమెరికా మొత్తంమీద తెల్లతోక జింకలు ఐదు లక్షలు కూడా మిగల్లేదంటారు. వేటమీద కట్టుబాట్లు పెట్టి, 1937లో తుపాకులూ తూటాలమీద పన్ను వేసి, ఆ డబ్బు వన్యప్రాణులకే ఖర్చుపెడుతూ వచ్చారు. ఇప్పుడవి సుమారు మూడు కోట్లు. వాటిని తినే తోడేళ్లూ పెద్దపులుల్లాంటివీ చాలాచోట్ల లేవు. చేలు మేసేస్తాయి, మొక్కల్ని చిగురు దశలోనే కొరికేస్తాయి, రాత్రిళ్లు కార్లకు అడ్డంపడతాయి. ఏటా ఎన్ని జింకల్ని తగ్గించాలో ప్రభుత్వమే లెక్కవేసి ఆ మేరకు అనుమతులిస్తుంది.

ఇవన్నీ విన్నాక ఆ తల్లి ఒక్క షరతు పెట్టింది. 'చంపితే చంపండి. కానీ దెబ్బతిన్న మూగజీవి అడవిలో ఈడ్చుకుంటూ తిరగకూడదు. అలా జరిగితే ఇంట్లోకి రానివ్వను.'

వేటలో అతికష్టమైన షరతు అదే. ఏ తూటా కొనాలన్న ప్రశ్న మొదలయ్యేదీ అక్కడే.

ఆ ఇంజినీరుకు తుపాకీ కొత్త. హెచ్1బి వీసాలో ఉన్నరోజుల్లో దాని జోలికే పోలేదు. వలసదారులు కాని విదేశీయుల చేతిలో తుపాకీ ఉండటం అక్కడి కేంద్రచట్టం ప్రకారం నేరం. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉన్నవాళ్లకు మాత్రం మినహాయింపు ఉంది. ఈ సంగతి తెలియక సరదాకి షూటింగ్ రేంజికి వెళ్లే మనపిల్లలు చాలామందే ఉంటారు. ఆయనకు గ్రీన్‌కార్డు వచ్చింది కాబట్టి ఆ చిక్కు తీరింది. విస్కాన్సిన్‌లో 1973 జనవరి 1న, ఆ తర్వాత పుట్టినవాళ్లెవరైనా వేట శిక్షణ పాసైతేనే లైసెన్సు. తండ్రీకూతుళ్లిద్దరూ ఒకే బల్లమీద కూర్చుని పాఠాలు విన్నారు. పరీక్షలో కూతురికే ఎక్కువ మార్కులొచ్చాయి.

తర్వాత తూటాల కొట్టు. గోడ పొడుగునా పెట్టెలే. ఒక్కో పెట్టెమీద ఒక్కో అంకె. ఊరగాయల సీజన్‌లో మామిడికాయల మార్కెట్‌కి వెళ్లిన కొత్తకోడలిలా నిలబడిపోయాడాయన. అన్నీ ఒకేలా ఉన్నాయి, ధరలు మాత్రం వేరు! ఆదుకున్నది పక్కింటి పెద్దాయన. రిటైరైన పాలరైతు, డెబ్బైదాటిన మనిషి. యాభైఏళ్లకు పైగా ఒక్క సీజన్ కూడా వదల్లేదు. ఈ ఇంటి పిల్లలు ఆయన్ని తాత అనే పిలుస్తారు.

తాత చెప్పిన మొదటి పాఠం, 'షార్ట్ యాక్షన్' తుపాకీ తీసుకోమని. బోల్ట్ తుపాకీలో ఒకసారి పేల్చాక పిడి పైకెత్తి వెనక్కి లాగితే ఖాళీగొట్టం బయటికి ఎగిరిపడుతుంది. ముందుకు తోస్తే కొత్త తూటా లోపలికెళ్తుంది. తూటా ఎంత పొడుగుంటే బోల్ట్ అంత వెనక్కి రావాలి. 1906 నాటి సైనికతూటా థర్టీ-ఆట్-సిక్స్ పొడవు 3.34 అంగుళాలు. ఆ తర్వాతి దశాబ్దాల్లో మందు తయారీ మెరుగుపడింది. కురచ గొట్టంలోనే దాదాపు అంత వేగమూ సాధించొచ్చని తేలింది. అలా 1952లో విన్‌చెస్టర్ కంపెనీ విడుదల చేసిన తూటా 'త్రీ-నాట్-ఎయిట్'. పొడవు 2.8 అంగుళాలు. రెండేళ్లకే నాటో సైన్యాలు దాని జోడీ తూటాను 7.62 పేరుతో తీసుకున్నాయి. మన పోలీస్‌స్టేషన్లలో దశాబ్దాలపాటు వేలాడిన త్రీ-నాట్-త్రీకీ దీనికీ పేరులోనే పోలిక. ఒకదాని తూటా ఇంకోదాంట్లో పెట్టకూడదు.

అర అంగుళం తేడాతో ఒరిగేదేమిటి? తుపాకీ కొంచెం పొట్టిదవుతుంది, కొంచెం తేలికవుతుంది. పిల్లల చేతికి బోల్ట్ పూర్తిగా అందుతుంది. సగం లాగి వదిలేస్తే రెండో తూటా ఎక్కదు. చలికి కొంకర్లుపోయే వేళ్లతో ఉన్నప్పుడు ఆ అర అంగుళం విలువ తెలుస్తుందంటాడు తాత.

త్రీ-నాట్-ఎయిట్‌కి పెద్ద కుటుంబమే ఉంది. అదే ఇత్తడి గొట్టం మూతిని సన్నంచేసి సన్న గుండు బిగిస్తే 1955లో 243 విన్‌చెస్టర్ అయింది. మధ్యస్తంగా బిగిస్తే 1980లో 7 ఎంఎం-08 రెమింగ్టన్ అయింది. 1997లో 260 రెమింగ్టన్ వచ్చింది. ఆ కుటుంబంలోది కాకపోయినా అదే కొలత తుపాకీలో ఇమిడే 6.5 క్రీడ్‌మూర్ 2007లో హార్నడీ కంపెనీ నుంచి వచ్చింది. నిజానికి దాన్ని గురిపోటీల కోసం చేశారు. గాలిని బాగా చీల్చుకుపోయే పొడవాటి గుండు దాని ప్రత్యేకత. ఇప్పుడు కుర్రవేటగాళ్లంతా దాని పేరే జపిస్తున్నారు. తాతకి మాత్రం ఆ పేరు వింటేనే నవ్వు. 'ఐదొందల గజాల్లో కాగితానికి చిల్లుపెట్టడానికి బాగుంటుంది. మన అడవిలో యాభై గజాల అవతల చెట్టేగానీ జింక కనిపించదు' అంటాడు. ఆ వెక్కిరింత కొంత అన్యాయమే. క్రీడ్‌మూర్ తన్ను తక్కువ, గురి బాగుంటుంది, జింకకు సరిపోతుంది. వంద గజాల లోపు మాత్రం ఈ తూటాల మధ్య తేడా జింకకు తెలిసేంత ఉండదు.

తేడా తెలిసేది భుజానికి!

గుండు ముందుకెళ్తే తుపాకీ వెనక్కి తంతుంది. త్రీ-నాట్-ఎయిట్‌లో మామూలుగా వాడే గుండు 150 గ్రెయిన్లు, అంటే 9.7 గ్రాములు. సెకనుకు సుమారు 2,820 అడుగుల వేగంతో పోతుంది. 243లో గుండు 100 గ్రెయిన్లు, అంటే ఆరున్నర గ్రాములు. వేగం 2,960 అడుగులు. గుండు తేలిక, మందూ తక్కువ. అందుకని ఒకే బరువున్న తుపాకుల్లో 243 తన్ను త్రీ-నాట్-ఎయిట్ తన్నులో సుమారు 60 శాతమే. 7 ఎంఎం-08, క్రీడ్‌మూర్ ఈ రెంటికీ నడుమ ఉంటాయి.

తన్ను గురించి ఇంత పట్టింపు ఎందుకంటే దానికో కథ ఉంది. తాత సాధారణంగా చెప్పడు. ఒకరోజు వరండాలో కూర్చుని ఆ ఇంజినీరుతో చెప్పాడు. ముప్పైఏళ్ల కిందట తన కొడుక్కి పన్నెండేళ్లు నిండగానే సొంత త్రీ-నాట్-ఎయిట్ చేతికిచ్చాడు. మగపిల్లాడు, ఓర్చుకోవాలన్నాడు. పిల్లాడు ఓర్చుకున్నాడు కూడా. కానీ పేలబోయే ముందు కళ్లు మూసుకోవడం, భుజం ముడుచుకోవడం అలవాటైపోయింది. అది తండ్రి గమనించలేదు. సీజన్ మొదటిరోజు సాయంత్రం పిల్లాడు పేల్చిన గుండు ముందుకాలి వెనక తగలాల్సింది, జానెడు వెనక్కి జరిగి కడుపులో దిగింది. గుండె, ఊపిరితిత్తులకు తగిలితే జింక క్షణాల్లో పడిపోతుంది. కడుపులో తగిలితే గంటలు పడుతుంది. టార్చిలైటుతో అర్ధరాత్రిదాకా వెతికారు. మర్నాడు పొద్దున కొయోటీ నక్కలు తినగా మిగిలింది కనిపించింది. కొడుకు ఆ తర్వాత తుపాకీ ముట్టలేదు. ఇప్పుడు నలభైదాటిన మనిషి. నవంబరులో ఇంటికొచ్చినా అడవి మాటెత్తడు.

'పెద్దతూటా చిన్నతప్పును కప్పేస్తుందనుకున్నాను. అసలు ఆ తప్పు చేయించిందే తూటా' అన్నాడు తాత. ఆ మాట ఇంజినీరు ఇంటికొచ్చి భార్యకు చెబితే ఆవిడ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

అక్టోబరులో రేంజికి తీసుకెళ్లి తాత ఓ చిన్న పరీక్ష పెట్టాడు. తుపాకీలో తనే తూటా పెట్టి ఇస్తాడు. ఒక్కోసారి అసలుది, ఒక్కోసారి పేలని డమ్మీ. ఏది పెట్టాడో చెప్పడు. డమ్మీ ఉన్నప్పుడు ట్రిగ్గర్ నొక్కితే 'టక్' మంటుందంతే. పేలుడు లేదు, తన్ను లేదు. అప్పుడు తుపాకీమూతి కదలకుండా ఉంటే ఆ చెయ్యి మంచిది. త్రీ-నాట్-ఎయిట్‌తో కూతురు డమ్మీని నొక్కినప్పుడు మూతి రెండంగుళాలు కిందికి పడింది. ఆ పిల్ల తనను చూసి తనే నవ్వుకుంది. తర్వాత తండ్రి వంతు. ఆయనది ఇంకా ఎక్కువ పడింది! నలభైఎనిమిదేళ్ల మనిషికి చెవులెర్రబడ్డాయి.

7 ఎంఎం-08తో తండ్రి మూతి నిలబడింది. కూతురిది మొదటి పది తూటాలకూ నిలబడి, ఆ తర్వాత అలసటతో వణికింది. 243తో ఇరవై పేల్చినా కదల్లేదు. గురికాగితం మీద చిల్లులన్నీ అరచేయి అంత చోటులో పడ్డాయి. జింకలో ప్రాణం ఉండే చోటు అంతకు రెట్టింపు ఉంటుంది.

అక్కడితో అయిపోయిందనుకుంటే పొరపాటే. 243ని తక్కువగా చూసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. జింకకు అది మరీ బొటాబొటీ అనీ, అనుభవం ఉన్న చేతికే ఇవ్వాలనీ వాళ్ల వాదన. అందులో కొంత నిజముంది. సన్నగుండు కాబట్టి ఎముకకు తగిలితే పగిలిపోయే రకం వాడకూడదు. నక్కలకోసం చేసిన 55, 58 గ్రెయిన్ల గుండ్లు జింకమీద అసలు పనికిరావు. పెట్టె మీద బోర్ పేరు చూసి సరే అనుకుని కొనేసేవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు. బోర్ కంటే లోపలి గుండు ముఖ్యం.

ఇంట్లో తల్లి ఇంకో ప్రశ్న వేసింది. 'ఆ సీసం ముక్కలు మాంసంలో ఉండవా?' ఉంటాయి. సీసపు గుండు ఒంట్లో విచ్చుకునేటప్పుడు కంటికి కనపడనంత రేణువులు చుట్టూ చిందుతాయి. 2008లో నార్త్ డకోటాలో పేదలకు దానమిచ్చిన జింకమాంసంలో సీసం కనిపించిందని ఆ మాంసాన్ని పంచొద్దన్నారు. కాలిఫోర్నియా 2019 జులై 1 నుంచి వేటలో సీసపు తూటాలనే నిషేధించింది. రాగిగుండ్లు ఖరీదెక్కువ. కానీ విచ్చుకున్నా ముక్కలవవు, బరువు కోల్పోకుండా లోతుకు దిగుతాయి. అందుకే 243లో 80, 85 గ్రెయిన్ల రాగిగుండే చాలు. గుండు ఇంకా తేలికైంది కాబట్టి తన్నూ మరికాస్త తగ్గింది. తల్లి అనుమానం కూతురి భుజానికి మేలుచేసింది!

చివరికి కూతురికి 243, తండ్రికి 7 ఎంఎం-08. రెండింటికీ రాగిగుండ్లే. ఒకే రకం కొంటే తూటాలు పంచుకోవచ్చు కదా అని ఇంజినీరు బుర్ర లెక్కలు వేసింది. అదీ సబబే. కరోనా తర్వాత 2020, 21ల్లో తూటాలకు కరవొచ్చినప్పుడు 7 ఎంఎం-08 లాంటివి చాలాచోట్ల కనపడలేదు. త్రీ-నాట్-ఎయిట్ అయితే ఏ పల్లెటూరి కొట్లోనైనా ఉంటుంది. అయినా తాత ఒప్పుకోలేదు. ముందుగా నాలుగు పెట్టెలు కొని ఇంట్లో పెట్టుకోమన్నాడు. ఇంకో నిబంధన కూడా పెట్టాడు. 80 గజాలు దాటితే పిల్ల పేల్చకూడదు. జింక పక్కకు తిరిగి నిలబడితేనే పేల్చాలి.

నడుం పైభాగంలో కనీసం సగమైనా మెరిసే రంగు బట్టలుండాలన్నది అక్కడి నియమం. 2016 నుంచి నారింజకు బదులు గులాబీరంగు కూడా వేసుకోవచ్చు. ఆ పిల్ల గులాబీదే కొనిపించుకుంది.

శనివారమంతా ఏమీ రాలేదు. ఆదివారం పొద్దున వచ్చిన మగజింక తలెత్తి వీళ్లకేసే చూస్తూ నిలబడి, పక్కకు తిరక్కుండానే వెళ్లిపోయింది. మధ్యాహ్నం మూడుగంటలకు ఆడజింక ఒకటి వాగుదాటి పక్కకు తిరిగింది. అరవై గజాలుంటుంది. తండ్రి పక్కనే ఉన్నాడుగానీ చెయ్యి వెయ్యలేదు. ఒక్క తూటా. జింక నలభై అడుగులు పరుగెత్తి పడిపోయింది. తర్వాత పిల్ల కాసేపు ఏడ్చింది. తాత పక్కన కూర్చుని ఫ్లాస్కులో కోకో పోసిచ్చాడు.

విస్కాన్సిన్ జింకల్లో 2002లో మొదటిసారి బయటపడిన మెదడుజబ్బు ఒకటుంది. జింక చిక్కి శల్యమై చచ్చిపోతుంది. మనిషికి సోకినట్టు ఇప్పటిదాకా ఆధారాల్లేకపోయినా, జబ్బున్న జింక మాంసం తినొద్దనే వైద్యుల సలహా. పరీక్ష ప్రభుత్వమే ఉచితంగా చేస్తుంది. గొంతు దగ్గరి గ్రంథులు తీసిచ్చి, రసీదునంబరు రాసుకుని, ఫలితం వచ్చేదాకా మాంసాన్ని ఫ్రీజర్‌లో విడిగా పెట్టాలి. ఆ నంబరు రాసిన పొట్లాలు పై అరలో ఉన్నాయి. తల్లి రోజూ పొద్దున్నే ఫోన్‌లో ఆ నంబరు కొట్టి చూస్తోంది. 'బాగానే ఉందని వస్తే ముందు తాతగారింటికి పంపాలి' అంటూ అల్లం వెల్లుల్లి నూరి పక్కన పెట్టుకుంది.