తెల్లజుట్టు వేషం

మొహం ఎంచుకునే అవకాశం మనలో ఎవరికీ రాలేదు. ముక్కు తాతగారిది, నుదురు అమ్మది, బట్టతల మేనమామది. ఇలా తలా ఒకరు తలో వస్తువూ అంటగడితే, ఆ మొత్తాన్ని మోసుకుంటూ జీవితం వెళ్ళబుచ్చుతాం. ఇక మన చేతిలో మిగిలింది బట్ట ఒక్కటే. అందులోనైనా స్వేచ్ఛ ఉందా అంటే, ఆఫీసు ఒకటి కోరుతుంది, పెళ్ళివారు ఒకటి కోరుతారు, మా ఆవిడ మరొకటి కోరుతుంది.

అటువంటి మనిషిని అరవై నాలుగో ఏట కూర్చోబెట్టి, "అయ్యా, తమకు ఏ మొహం కావాలో సెలవివ్వండి" అంటే ఎలా ఉంటుందో ఊహించండి. నాకు అదే జరిగింది.

మా అబ్బాయికి డాలస్‌లో ఉద్యోగం. ఇంటికి వచ్చి నాలుగేళ్ళయింది. ఫోనులో "భోంచేశావా? ఆరోగ్యం బాగుందా?" అయ్యాక మా ఇద్దరికీ మాటలు మిగిలేవి కావు. వాడే ఉపాయం చెప్పాడు. "నాన్నా, మీరూ నాతో ఆడండి" అని. ఆట పేరు ఫైనల్ ఫాంటసీ పద్నాలుగు. జపాను కంపెనీ స్క్వేర్ ఎనిక్స్ వారు 2010లో తెస్తే అది నిలవలేదు. 2013లో మళ్ళీ పునాదులనుంచి కట్టారు. ఎక్కడెక్కడి వాళ్ళో ఇంటర్నెట్టు ద్వారా ఒకే ఊళ్ళో వేషాలు కట్టుకుని తిరుగుతారు. మాకు ఆదివారం ఉదయం ఎనిమిదైతే వాడికి శనివారం రాత్రి. అదే మా ముహూర్తం.

ఆడడానికి ముందు మనిషిని తయారు చేసుకోవాలి. మొదట జాతి. మామూలు మనుషులున్నారు, పిల్లి చెవులూ తోకా ఉన్నవారున్నారు, కొమ్ములున్నవారున్నారు, మోకాలెత్తు పొట్టివారూ ఉన్నారు. తరువాత ఒడ్డూ పొడుగూ, కళ్ళ రంగు, జుట్టు తీరు, చివరకు గొంతు కూడా మనమే ఏరుకోవాలి. మా ఆవిడ వెనకనించి చూసి, "తోక మాత్రం వద్దండీ, ఉన్నవి చాలు" అంది. మూడు సాయంత్రాలు పట్టింది నాకు. మూడోనాటికి తెరమీద నిలబడ్డవాడు కాస్త వయసు తెలిసే మొహం, తెల్లజుట్టు, తెల్లగడ్డం గల పెద్దమనిషి. గడ్డం ఒక్కటి తప్పిస్తే నేనే.

ఇక బట్టల సంగతి. ఇటువంటి ఆటల్లో చొక్కా అంటే ఒట్టి చొక్కా కాదు సుమండీ! దానికి ఇంత బలం, ఇంత రక్షణ అని లెక్క ఉంటుంది. 2004లో వచ్చిన వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్‌లో వీరులందరూ బలం ఎక్కువున్నదల్లా తగిలించుకుని, భుజాలొక రంగు, లాగొక రంగు, టోపీ ఒక రంగుగా సర్కసు బఫూనుల్లా తయారయ్యేవారట. 2011లో దానికి మందు దొరికింది. కవచం బలం కవచానికే ఉంచి, పైకి మరో బట్ట రూపం కప్పవచ్చునన్నారు. మా ఆటలో ఆ విద్య 2014లో వచ్చింది. దాని పేరు గ్లామర్. పదిహేనో మెట్టు దాటితే నేర్పుతారు. ఆ తరువాత సత్రం గదిలో బీరువా ముందు నిలబడి ఎంతసేపైనా ముస్తాబు కావచ్చు. లోపల ఇనుము, పైన పట్టు! రాక్షసులతో యుద్ధాలు వట్టి సాకేననీ, అసలు ఆట ముస్తాబేననీ ఆడేవాళ్ళే నవ్వుతూ చెప్పుకుంటారు.

ఇది మనకు కొత్తా? స్థానం నరసింహారావుగారు సత్యభామగా రంగం మీదికి వస్తే ఆడవాళ్ళే ఆ చీరకట్టు చూసి నేర్చుకునేవారని మా నాన్నగారు చెప్పేవారు. ఆ కళకే 1956లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చారు. ఆటల్లోనూ మగవాళ్ళు ఆడవేషం వేయడం, ఆడవాళ్ళు మగవేషం వేయడం మామూలే. ఆ వేషాన్ని వాళ్ళు పిలిచే మాట ఏమిటనుకున్నారు? అవతారం! 1985 నాటి అల్టిమా నాలుగో ఆట పేరులో ఉంది. 1986 నాటి హాబిటాట్‌లో ఆడేవారి బొమ్మలకు అదే పేరు పెట్టారు. మన మాట మనకే సముద్రాలు చుట్టి తిరిగి వచ్చింది.

వేషం మనిషిని పట్టుకుంటుందని కూడా తేల్చారు. 2007లో నిక్ యీ, జెరెమీ బెయిలెన్‌సన్ అనే ఇద్దరు పరిశోధకులు కొందరికి పొడుగు అవతారం, కొందరికి పొట్టి అవతారం ఇచ్చి డబ్బు పంచుకోమన్నారు. పొడుగు వేషం వచ్చినవాళ్ళు బేరంలో గట్టిగా నిలబడ్డారట.

మా అబ్బాయి మాత్రం నా వేషం చూసి మొదటిరోజున ఏమీ అనలేదు. కథ మొదటి భాగం పూర్తిచేసినవారికి ఫాంటేసియా అనే మందు సీసా ఒకటి ఉచితంగా ఇస్తారు. అది తాగితే జాతి, మొహం, పొడుగు అన్నీ మళ్ళీ ఎంచుకోవచ్చు. నాకది దొరికిన రోజున వాడు నోరు విప్పాడు.

"అది తాగేయండి నాన్నా. జుట్టుకైతే అదీ అక్కర్లేదు, సత్రంలో గంట కొడితే క్షురకుడు వస్తాడు."

"ఏరా, ఈ జుట్టుకేమొచ్చింది?"

కాసేపు చప్పుడు లేదు. "వీడియోలో మీ జుట్టు నెలనెలా తెల్లబడ్డం చూస్తూనే ఉన్నాను. ఇక్కడైనా చూడకుండా ఉండనివ్వండి" అన్నాడు.

నాకు వెంటనే జవాబు తోచలేదు. ముప్ఫై రెండేళ్ళవాడు, వేల మైళ్ళ అవతల ఒంటరిగా కూర్చుని నా వెంట్రుకలు లెక్కపెడుతున్నాడని నాకేం తెలుసు? మెల్లిగా అన్నాను: "నల్లజుట్టు కుర్రవాడు నీకు ఆ ఊళ్ళో వందమంది దొరుకుతారు. నీ పక్కన నడవడానికి నేను వచ్చాను. నన్ను నన్నుగా రానివ్వు. చూడు, ఇక్కడ ఈ ముసలాడికి మోకాళ్ళ నొప్పులు లేవు. కొండలెక్కుతున్నాడు, నీతో సమానంగా పరుగెత్తుతున్నాడు. అది చాలదూ?"

వాడు నవ్వాడో, ముక్కు చీదుకున్నాడో తెలియలేదు. మరుసటి ఆదివారం నా పేర ఒక పార్సెలు వచ్చింది. అందులో కాటుకలాంటి నల్లరంగు! ఆ సంతలో అప్పట్లో అన్నిటికన్నా ఖరీదైన రంగుల్లో అదొకటి. లక్షల గిల్లు పలికేది. జుట్టుకు కాదులెండి, కోటుకు. తెల్లజుట్టుకు నల్లకోటు దివ్యంగా నప్పుతుందని చీటీ రాశాడు.

మా ఆవిడ ఆ ధర విని బుగ్గలు నొక్కుకుంది. "ఇంట్లో తలకు రంగు వేసుకోమంటే యాభై రూపాయలు దండగన్నారు!"

ఫాంటేసియా సీసా నా సంచిలోనే ఉంది. ఈ సంక్రాంతికి వాడు సెలవు పెట్టి వస్తున్నాడు. టిక్కెట్టు కూడా కొన్నాడు.