తార్నాక నుంచి తులాభారానికి...

"ఒరే, ఏ సినిమా అయినా పట్టుకురా. తులాభారం మాత్రం తేకు!" అన్నారు పెదనాన్న ఫోనులో.

ఎందుకంటారా? కాచిగూడలో రైల్వే గుమాస్తాగా రిటైరైన మా పెదనాన్న, ఉద్యోగానికి ముందు తెనాలి వైపు పద్యనాటకాలకు హార్మోనిస్టు. 1966లో సురేష్ ప్రొడక్షన్స్ వారి 'శ్రీకృష్ణ తులాభారం'కి వెళ్ళి సగంలో లేచి వచ్చేసిన మనిషి. ఇప్పుడు ఎనభై దాటాయి. ఇంకెప్పుడు చూస్తారని, లాప్‌టాప్ సంచిలో వేసుకుని ఓ ఆదివారం తార్నాకలోని నా గదిలోంచి బయల్దేరాను.

బస్సెక్కలేదు. యూనివర్సిటీ లోంచి నడక. 1939లో పూర్తయిన ఆర్ట్స్ కాలేజీ రాతి భవనం ముందు కుర్రాళ్ళు ఫోను నిలబెట్టి డాన్సు చేస్తున్నారు. పాట ఫోనుది, పెదవులు వీళ్ళవి. పెదనాన్న చూస్తే ఏమనేవారో! ఎన్.సి.సి. గేటు, విద్యానగర్, నల్లకుంట, బర్కత్‌పురా... కాచిగూడ చేరేసరికి చొక్కా తడిసింది. 2022లో మళ్ళీ తెరుచుకున్న తారకరామ థియేటర్ దగ్గర ఓ క్షణం ఆగాను. నా సంచిలో ఉన్న కృష్ణుడూ ఆ రామారావు గారే గదా! అక్కణ్ణుంచి 1916 నాటి స్టేషను గుమ్మటాలు దాటితే పెదనాన్న ఇల్లు.

పెద్దమ్మ జంతికలు పెట్టింది. నేను బొమ్మ పెట్టాను. పెదనాన్న మొహం అటు తిప్పుకున్నారు.

"నాటకాన్ని సినిమా తియ్యడం మనవాళ్ళకే పట్టిన పిచ్చి కాదు పెదనాన్నా! విక్టర్ హెర్బర్ట్ 1910లో స్వరపరిచిన సంగీతనాటకం 'నాటీ మారియెటా'ని హాలీవుడ్‌లో ఎం.జి.ఎం. వాళ్ళు 1935లో తీశారు. మన తులాభారం మొదటిసారి తెరకెక్కిందీ 1935లోనే!" అన్నాను.

"వాళ్ళకీ హార్మోనిస్టులుండే ఉంటారు పాపం," అన్నారు.

అదీ ఆయన బాధ. స్టేజీ మీద సత్యభామ ఎక్కడ ఆగితే అక్కడ ఆగి, ఎక్కడ సాగదీస్తే అక్కడికి వెళ్ళాలి హార్మోనియం. చిన్నతనంలో స్థానం నరసింహారావు గారిని చూశారట. ఆయన సత్యభామ వేషంలో 'మీరజాలగలడా' ఎత్తుకుంటే జనం వన్స్ మోర్, మళ్ళీ వన్స్ మోర్! సినిమాలో ముందే రికార్డయిన పాట వెంట నటి నడవాలి. హార్మోనిస్టుకి పనేముంది?

ఇంతలో జమున వచ్చింది. పెండ్యాల వారి సంగీతం, సుశీల గొంతు. ఆ ఓరచూపు, ఆ బిగించిన పెదవి... స్టేజీ మీదైతే నేల టిక్కెట్టు వాడికి అందేదా? మొహమాటం లేకుండా చెబుతున్నా, పద్యాల విషయంలో పెదనాన్నదే న్యాయం, ఈ పాట దగ్గర మాత్రం నేను జమున పక్షం.

తిరిగి చూద్దును గదా, పెదనాన్న వేళ్ళు మంచం కోడు మీద మెట్లు నొక్కుతున్నాయి! పాట అయ్యీ అవగానే అరిచారు, "వన్స్ మోర్!"

వెనక్కి తిప్పాను. మళ్ళీ జమున, మళ్ళీ ఆ చూపు. వేళ్ళు కాసేపు ఆడి ఆగిపోయాయి.

"అదేమిట్రా, మళ్ళీ అలాగే పాడింది!" అన్నారు.

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. అయినా ఈసారి మధ్యలో లేవలేదు. నారదుడు కృష్ణుణ్ణి బేరం పెట్టాడు, భామ నగలన్నీ తక్కెట్లో పడ్డాయి, అంజలీదేవి తులసిదళం తెచ్చే వేళకి లాప్‌టాప్‌లో చార్జింగు అయిపోయింది. చార్జరేమో తార్నాకలో!

"వచ్చే ఆదివారం తే," అన్నారు పెదనాన్న. "ఆ అటక మీద పెట్టె కూడా దింపిపో."